ఆరు అరల్లోంచి వెలుతురు

తుపాకీ కంటే ముందు ఇనప్పెట్టె వచ్చింది. దామలచెరువులో మామ ఇంటి పడకగది గోడకు నాలుగు బోల్టులతో బిగించి ఉంది. లోపల రెండు అరలు. పైది తుపాకీకి, కిందిది తూటాలకు. రెండింటికీ వేరువేరు తాళాలు. ఇప్పటికి రెండూ ఖాళీయే. అయినా అత్త లేచినప్పటి నుంచి మూడుసార్లు తలుపు తీసి చూసింది, మూడుసార్లు మూసింది.

తెల్లవారుజామున నాలుగున్నర. జూన్ నెల. వీధి చివర మామిడి మండీల్లో ట్రాక్టర్లు నిలబడి ఉన్నాయి. తోతాపురి కాయల సొన వాసన ఇంట్లోకి వచ్చేస్తోంది. మామకు అక్కడొక మండీ ఉంది. సీజను రెండు నెలలూ రైతులకు ఇవ్వాల్సిన నగదు రాత్రిళ్ళు ఈ ఇంట్లోనే ఉంటుంది.

"అల్లుడా, పుస్తకం పెట్టుకున్నావా?" మామ అడగడం ఇది మూడోసారి.

లైసెన్సు పుస్తకం నా ఒళ్ళో సంచిలో ఉంది. ఇది చేతికి రావడానికి ఆయన చాలా తిరిగాడు. 1959 ఆయుధాల చట్టం, దాని కింద 2016లో వచ్చిన నిబంధనలు అడిగేవన్నీ తెచ్చి ఇచ్చాడు. మనసు, ఒళ్ళు బాగున్నాయని డాక్టరు సర్టిఫికెట్టు. ఆయుధం ఎలా పట్టుకోవాలో నేర్చుకున్నట్టు శిక్షణ సర్టిఫికెట్టు. ఇంట్లో భద్రంగా దాస్తానని హామీపత్రం. ఆ పైన పోలీసు విచారణ. స్టేషను నుంచి వచ్చినాయన అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, ఒకే ఒక్క ప్రశ్న నాలుగు రకాలుగా అడిగాడు: "మీకు ఎవరి నుంచి ముప్పు?"

మామ పేర్లు చెప్పలేదు. చెప్పడానికి లేవు కూడా. నగదు సంగతి చెప్పాడు, రాత్రి పూట మండీ నుంచి ఇంటికి నడిచే చీకటి దారి సంగతి చెప్పాడు. ఆయన చెప్పనిది మాకు తెలుసు. 2015 నవంబరు 17న ఆయన పని మీద చిత్తూరులో ఉన్నాడు. ఆ రోజే నగర మేయరు కఠారి అనురాధను ఆమె కార్యాలయంలోనే కాల్చి చంపారు. ఆమె భర్త కఠారి మోహన్‌ను కత్తులతో నరికారు, ఆయనా బతకలేదు. పదేళ్ళకు, 2025 అక్టోబరులో, చిత్తూరు కోర్టు ఐదుగురికి మరణశిక్ష వేసింది. హత్యలు జరిగిన రోజు ఊరంతా షట్టర్లు దించిన చప్పుడు మామ చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు.

కాగితాల్లేకుండా ఒక నాటు పిస్తోలు చవకగా ఇప్పిస్తానని అప్పట్లో ఒకడు వచ్చాడు. మామ వాణ్ణి గడప కూడా తొక్కనివ్వలేదు. లైసెన్సు లేకుండా ఆయుధం దొరికితే, 2019 సవరణ తర్వాత, రెండేళ్ళకు తక్కువ కాకుండా ఐదేళ్ళ దాకా జైలు.

కారు కదిలింది. పాకాల దాటాం. చంద్రగిరి కోట కొండ మీద తొలి వెలుగు పడుతోంది. తిరుపతి పక్కనుంచి రేణిగుంట, అక్కడి నుంచి పుత్తూరు రోడ్డు. మేం పోతున్నది చెన్నైకి. మామ లైసెన్సు ఆంధ్రప్రదేశ్ వరకే చెల్లుతుంది కాబట్టి తుపాకీని సరిహద్దు దాటించడానికి ముందే అనుమతి తీసుకున్నాడు. ఆ కాగితం ఆయన చొక్కా జేబులో ఉంది. ఐదు నిమిషాలకోసారి తడుముకుంటున్నాడు.

పుత్తూరు రాగానే కార్లో మాటలు ఆగిపోయాయి. ఎముకలకు కట్టు కట్టే బోర్డులు రోడ్డుకు రెండు పక్కలా కనిపిస్తున్నాయి. ఈ ఊరికి మేం ఒకప్పుడు చిన్న మామను తీసుకొచ్చాం.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. తాత దగ్గర పంట కాపలాకని లైసెన్సున్న తుపాకీ ఉండేది. గొట్టం మూతి లోంచి మందు పోసి, రవ్వలు వేసి, గజంతో కూరే పాతకాలం రకం. శెనక్కాయ చేలోకి అడవిపందులు దిగే రోజుల్లో రాత్రిళ్ళు దాన్ని భుజాన వేసుకుని మంచె ఎక్కేవాడు. సంక్రాంతికి ఇల్లు దులుపుతూ చిన్న మామ దాన్ని కొక్కేనికి తగిలించిన చోటు నుంచి కిందికి దించబోయాడు. "ఖాళీదేనా?" అని వంటింట్లోంచి అవ్వ అడిగింది. "ఖాళీదేలే," అన్నాడు. గొట్టం పట్టుకుని లాగాడు. పుత్తూరు కట్టుతో ఎముక అతికింది. ఎడమచేతి రెండు వేళ్ళు మాత్రం మళ్ళీ ముడుచుకోలేదు.

ఆ తుపాకీ ఖాళీగా ఉందో లేదో కంటితో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. గజం లోపలికి దించి, ఎంత దూరం దిగిందో కొలిస్తేనే తెలుస్తుంది. ఆ రోజు ఎవరూ కొలవలేదు.

నగరి, తిరుత్తణి దాటాం. తమిళ బోర్డులు మొదలయ్యాయి. అత్త వెనక సీట్లో పులిహోర పొట్లం విప్పి తలా ఇంత చేతిలో పెట్టింది. తనకు మాత్రం పెట్టుకోలేదు.

చెన్నైలో అణ్ణాసాలైకి దగ్గర్లో ఒక పాత తుపాకుల దుకాణం. ఇనుప కటకటాల తలుపు, లోపల ఇంకో తలుపు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడదు. నూనె వాసన. కుట్టుమిషనుకు వేసే నూనెలాంటి పలచటి వాసన. గాజు బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి ఉంది. పక్కన ఇసుక నింపిన పెట్టె. దుకాణం పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుని ముందు పుస్తకం అడిగాడు. పేరు, నంబరు, ఏ రకం, ఎన్ని తూటాలు, ఎప్పటిదాకా, ఎంత ప్రాంతం. ప్రతి గీత మీదా వేలు పెట్టి చదివాడు. తరవాతే, "కూర్చోండి అమ్మా," అని అత్తకు కుర్చీ లాగాడు. తెలుగులో తమిళ యాస.

"పోలీసుల నడుముకు ఉంటాదే, నల్లగా, అట్లాంటిది చూపించండి సార్," అన్నాడు మామ.

"అది నైన్ ఎంఎం. మీకు రాదు, నాకు రాదు."

పెద్దాయన వివరించాడు. పోలీసులు, సైన్యం వాడే 9 ఎంఎం, .38, .45 లాంటి కొలతలు మామూలు పౌరులకు నిషేధం. తెల్లవాళ్ళు 1878లో తెచ్చిన ఆయుధాల చట్టం కాలం నుంచీ జనం చేతిలో తుపాకీ అంటే ప్రభుత్వానికి ఒక కన్ను ఉండేది. స్వతంత్రం వచ్చాక చేసిన చట్టంలోనూ ఈ గీత ఉంది. చేతి తుపాకీల్లో మనలాంటి వాళ్ళకు మిగిలింది ముఖ్యంగా .32. విదేశాల నుంచి తెప్పించుకునే దారి 1980ల నుంచే మూతపడింది. కాబట్టి ఈ బల్ల మీదికి వచ్చే కొత్తవన్నీ మన దేశంలో తయారైనవే. చాలావరకు కాన్పూరువి. 2021 అక్టోబరులో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలను ఏడు కంపెనీలుగా విడగొట్టాక చేతి ఆయుధాలు కాన్పూరు కేంద్రంగా ఉన్న కంపెనీ కిందికి పోయాయి.

ఆయన నాలుగు పెట్టెలు తెచ్చాడు. ఒక్కొక్కటి తెరిచే ముందు గొట్టం ఇసుకపెట్టె వైపు తిప్పాడు. తెరిచి, మాకు చూపించి, అప్పుడు గుడ్డ మీద పెట్టాడు. నాలుగింటికీ అదే పద్ధతి. తొందర లేదు. గుళ్ళో హారతి పళ్ళెం దించినంత నెమ్మది.

"పట్టుకోండి. వేలు మీట మీద పెట్టకూడదు. పక్కన చాపండి. ఇంటికి పోయినాక కూడా అంతే."

మొదటిది పాతకాలం ఉక్కు రివాల్వరు. ఇంగ్లండు వెబ్లీ నమూనా మీద కాన్పూరులో చేస్తున్న .32. మామ అరచేతిలో అది మునిగిపోలేదు, పొడుచుకు రాలేదు. పాత కొడవలి పిడి పట్టుకున్నట్టు ఒదిగింది. బరువు తెలుస్తోంది.

రెండోది చూడగానే అత్త ముందుకు వంగింది. మెరుగు పెట్టిన పెట్టెలో తేలికగా, చిన్నగా ఉంది. నిర్భీక్. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో ఆ అమ్మాయికి జరిగిన ఘోరం తర్వాత, ఆడవాళ్ళ కోసమని కాన్పూరు ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ 2014లో తెచ్చింది. టైటానియం మిశ్రలోహం. దాదాపు అరకిలో. అప్పుడు దాని ధర 1,22,360 రూపాయలు.

"అంత డబ్బు పెట్టగల ఆడది బస్సులో పోతుందా?" అంది అత్త. ఎవరూ బదులు చెప్పలేదు. ఆ మాట ఫ్యాను కింద చాలాసేపు ఉండిపోయింది.

"ఇంకోటి ఉంది అమ్మా," అన్నాడు పెద్దాయన కాసేపటికి. "బరువు తక్కువైతే సంచికి సుఖం, చేతికి కష్టం. తూటా ముందుకు పోయే తోపు వెనక్కి కొడుతుంది. ఉక్కు బరువుంటే ఆ దెబ్బ అదే తింటుంది. తేలికైతే మీ మణికట్టు తినాలి. మొదటిసారి కాల్చేవాళ్ళు ఆ దెబ్బకు భయపడి కళ్ళు మూసుకుంటారు. కళ్ళు మూసుకుని కాల్చేవాడి చేతిలో ఏ తుపాకీ అయినా ఒకటే."

మూడోది ప్రబల్. 2023 ఆగస్టులో వచ్చింది. తూటాల్లేకుండా 675 గ్రాములు. గొట్టం 76 మిల్లీమీటర్లు. తూటాలు పెట్టే చక్రం పక్కకు తెరుచుకుంటుంది. యాభై మీటర్ల దాకా పోతుందని చెబుతారు.

"యాభై మీటర్లు!" మామ మొహం వెలిగింది. "మా మండీ ఈ కొస నుంచి ఆ కొసకు."

"మీ పడకగది ఎంత సార్?"

"పన్నెండడుగులు."

"మీకు అవసరం వస్తే ఆ పన్నెండడుగుల్లో వస్తుంది. యాభై మీటర్ల అవతల ఉన్నవాడు పారిపోతున్నాడో, మీ పాలేరో, మీ మనవడో చీకట్లో తెలియదు. తలుపేసుకుని ఫోను చెయ్యడానికి టైము ఉన్న దూరం అది."

మామ ప్రబల్‌ను కింద పెట్టేశాడు. కానీ ఆయన కళ్ళు ఇందాకటి నుంచి నాలుగోదాని మీదే ఉన్నాయి. అశని. .32 పిస్తోలు. పలచగా, చదునుగా, పంచె మడతలో పెట్టుకున్నా తెలియనట్టు ఉంది. సినిమాలో హీరో తీసేది ఇలాంటిదే. చేతిలోకి తీసుకోగానే మామ భుజాలు ఒక అంగుళం లేచాయి. అది నేను చూశాను. అత్తా చూసింది.

పెద్దాయన రెండు తూటాలు గుడ్డ మీద నిలబెట్టాడు. "రెండూ ముప్పైరెండే. చూడండి." ఒకటి పొడుగు, రెండోది పొట్టి. రివాల్వరుది 23 మిల్లీమీటర్ల గుల్ల, అడుగున అంచు బాగా బయటికి ఉంది. పిస్తోలుది 17 మిల్లీమీటర్లు. "పేరు ఒకటే కదా అని దీనిది దానికి కొనుక్కుంటే డబ్బు దండగ. పెడితే ప్రమాదం. కొనేటప్పుడు మీ తుపాకీ మీద ఏం రాసుందో తూటా డబ్బా మీద అదే రాసుండాలి."

ఆ తర్వాత ఆయన చేసిన పని నాకు చచ్చేదాకా గుర్తుంటుంది.

లోపలి నుంచి డమ్మీ తూటాలు తెచ్చాడు. మందు లేనివి, ఎర్రరంగువి. పిస్తోలు మ్యాగజైనులో వాటిని ఎక్కించాడు. పిడిలోకి తోశాడు. పైభాగం వెనక్కి లాగి వదిలాడు. టక్. గొట్టాన్ని ఇసుకపెట్టె వైపే ఉంచి, మ్యాగజైను ఊడదీసి అత్త ముందు పెట్టాడు. పిస్తోలును మామ ముందు పెట్టాడు.

"తూటాలన్నీ ఆ డబ్బీలో ఉన్నాయి. తీసేశాను. ఇప్పుడు ఇది ఖాళీయా?"

మామ అటూ ఇటూ తిప్పి చూడబోయాడు. పెద్దాయన చెయ్యి అడ్డుపెట్టి గొట్టాన్ని మళ్ళీ ఇసుక వైపు తిప్పించాడు.

"ఖాళీదే," అన్నాడు మామ.

పెద్దాయన పైభాగం వెనక్కి లాగాడు. ఎర్ర తూటా ఒకటి ఎగిరి, గాజు మీద పడి, దొర్లుకుంటూ వచ్చి అత్త వేళ్ళ దగ్గర ఆగింది.

ఎవరూ కదల్లేదు. మామ ఆ ఎర్ర ముక్కనే చూస్తున్నాడు. దుకాణంలో ఫ్యాను తిరుగుతోంది. మామకు మాత్రం వంటింట్లోంచి అవ్వ గొంతు వినిపిస్తోందని ఆయన మొహం చూస్తే తెలుస్తోంది.

"మ్యాగజైను తీసినా గొట్టం అరలో ఒకటి ఉండిపోతుంది సార్. తెలిసినవాళ్ళు ముందు మ్యాగజైను తీసి, తరవాత పైది లాగి, కంటితో చూసి, వేలు పెట్టి చూస్తారు. రోజూ సాధన చేసేవాళ్ళకు పిస్తోలు మంచిదే. ఎక్కువ తూటాలు పడతాయి, తొందరగా నింపుకోవచ్చు. మీరు రోజూ సాధన చేస్తారా?"

"మామిడి సీజనులో అన్నం తినడానికే టైముండదు," అన్నాడు మామ, చాలా నెమ్మదిగా.

అప్పుడు అత్త చెయ్యి చాచింది. "ఆ మొదటిది నా చేతికి ఇయ్యి నాయనా."

పెద్దాయన వయసులో ఆమెకంటే పెద్ద. అయినా ఆ పిలుపుకు తలవంచాడు. ఉక్కు రివాల్వరును ఆమె చేతిలో పెట్టి, వెనక మీట మీద బొటనవేలు ఎక్కడ పెట్టాలో చూపించాడు. అత్త నొక్కింది. మొదటిసారి రాలేదు. రెండోసారి గట్టిగా నొక్కింది. గొట్టం ముందుకు వంగి తలవాల్చింది. చక్రం వెనకభాగం మొత్తం బయటపడింది. గుండ్రంగా ఆరు అరలు. ఆరింట్లోంచీ ఆకుపచ్చ గుడ్డ కనిపిస్తోంది.

"ఇంతేనా?"

"అంతే అమ్మా. తూటా ఉంటే ఇత్తడి కనిపిస్తుంది. లేకపోతే ఆ పక్క వెలుతురు కనిపిస్తుంది."

ఆయన ఎర్ర తూటాలు పెట్టి, మళ్ళీ తెరవమన్నాడు. గొట్టం వంగగానే మధ్యనున్న నక్షత్రంలాంటి ముక్క పైకి లేచి ఆరింటినీ ఒకేసారి బయటికి నెట్టింది. అత్త నాలుగుసార్లు చేసింది. నాలుగోసారికి చెయ్యి వణకలేదు.

"ఏమయ్యా," అంది మామ వైపు తిరిగి. "నువ్వు ఊర్లో లేనప్పుడు ఆ పెట్టె తాళం నా దగ్గరే కదా ఉండేది. లోపల ఉండేదాన్ని గురించి నేను ఎవరినీ అడిగే పని ఉండకూడదు. నాకే తెలియాల. నాకు ఇదే కావాల."

పెద్దాయన దాని కష్టాలు కూడా దాచలేదు. మీట బరువు. సుత్తి వెనక్కి లాగకుండా నొక్కితే వేలు నొప్పి పుడుతుంది. సుత్తి లాగి ఉంచితే ఒట్టి తాకిడికే పేలుతుంది, కాబట్టి అలా ఎప్పుడూ ఉంచకూడదు. ఆరు తూటాలే. మళ్ళీ నింపడానికి సమయం పడుతుంది. మామ అన్నీ విన్నాడు. అశని వైపు ఇంకోసారి చూశాడు. చూసి, లైసెన్సు పుస్తకం ఉక్కు రివాల్వరు పక్కన పెట్టాడు.

మొదటిసారి కొనేవాళ్ళు ఏది బాగా కాలుస్తుందని అడుగుతారు, ఎంత దూరం పోతుందని అడుగుతారు. ఆ తుపాకీ కాలే క్షణం వాళ్ళ జీవితంలో రాకుండానే పోవచ్చు, రాకూడదనే అందరం కోరుకుంటాం. అది కాలకుండా ఉండే రోజులు మాత్రం తప్పకుండా వస్తాయి. వేల రోజులు. దులిపే రోజులు, సున్నం వేసే రోజులు, మనవలు సెలవులకొచ్చే రోజులు. ఆ రోజులకు సరిపోయే తుపాకీని ఎంచుకోవాలి. అత్తకు ఇది ఎవరూ చెప్పలేదు. ఆమె ఇంట్లో ఒకరి చెయ్యి చెప్పింది.

తుపాకీ నంబరు పుస్తకంలోకి, దుకాణం రిజిస్టరులోకి ఎక్కింది. తూటాల డబ్బా వేరే సంచిలో. తూటాల అడుగున కేఎఫ్ అని అచ్చు, ఖడ్కీ ఫ్యాక్టరీ గుర్తు. పెద్దాయన రసీదుతో పాటు మాటలు కూడా అప్పజెప్పాడు. ఊరు చేరాక అధికారులకు చూపించాలి. పెళ్ళిళ్ళలో, ఊరేగింపుల్లో గాల్లోకి కాలిస్తే 2019 సవరణ ప్రకారం రెండేళ్ళ దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదంటే రెండూ. ఎన్నికలొస్తే పోలీసులు అడిగినప్పుడు స్టేషనులో అప్పగించి రసీదు తీసుకోవాలి.

సాయంత్రం తిరుపతి చేరేసరికి కొండ మీద దీపాలు వెలిగాయి. అలిపిరి దారి బోర్డు కనిపించగానే అత్తకు అలవాటుగా చేతులు జోడించబుద్ధయింది. "ఇంతదూరం వచ్చినాము, దర్శనం చేసుకుని పోదామా?" అంది. అన్నాక తనకే గుర్తొచ్చింది. అలిపిరి తనిఖీ దగ్గర సంచులన్నీ చూస్తారు. కొండ మీదికి ఆయుధం పోకూడదు.

కారు చంద్రగిరి వైపు తిరిగింది. చాలాసేపటికి అత్త గొంతు వినిపించింది.

"స్వామి దగ్గరికి తీసుకుపోకూడని దాన్ని ఇంట్లోకి తీసుకుపోతా ఉండాము. ఆ ఎరుకతో ఉండాల మనం."

మామ తల ఊపాడు. పొద్దున్నుంచీ జేబులో కాగితం తడుముకుంటున్న చెయ్యి ఇప్పుడు మోకాలి మీద కదలకుండా ఉంది.

దామలచెరువులో చిన్న మామ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఏం కొన్నారని అడగలేదు. మా వెనకే పడకగదిలోకి వచ్చాడు. మామ తూటాల డబ్బా కింది అరలో పెట్టి తాళం వేశాడు. అత్త రివాల్వరును గోడ వైపు తిప్పి, వెనక మీట నొక్కి, తెరిచింది. గొట్టం తలవాల్చింది.

"చూడు మరిదీ," అంది. "నీకు చూపించకుండా లోపల పెట్టను."

చిన్న మామ కుడిచేత్తో దాన్ని అందుకున్నాడు. ముడుచుకోని ఆ రెండు వేళ్ళతో ఎడమచెయ్యి కింద ఆసరా పెట్టాడు. ట్యూబులైటు వైపు ఎత్తాడు. ఒక్కో అరలోంచి చూశాడు. ఒకటి. రెండు. మూడు. వెలుతురు చిన్న చిన్న గుండ్రాలుగా ఆయన చెంప మీద పడుతోంది. ఆరూ అయ్యాక మళ్ళీ మొదటి నుంచి చూశాడు.

"ఖాళీదే వదినా," అన్నాడు.